ఫీజు కట్టినవాళ్ల పిల్లలకే సాకరా? - అమెరికా సాకర్ సమాఖ్య అధ్యక్షురాలికి బహిరంగ లేఖ

సిండీ పార్లో కోన్ గారికి,

నమస్కారం.

నేను టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాను. మా పిల్లలిద్దరూ ఇక్కడే ఒక క్లబ్బులో సాకర్ (ఫుట్‌బాల్) ఆడతారు. మా ఊళ్లో శనివారం పొద్దున ఏ గ్రౌండుకు వెళ్లినా గట్టున కుర్చీలు వేసుకుని తెలుగులో మాట్లాడుకునే తల్లిదండ్రులు కనిపిస్తారు. వాళ్లు కూడా చదవాలని ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకు పంపిస్తున్నాను.

మీరు 1999లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడారు. తర్వాత నార్త్ కరొలైనాలో పిల్లల క్లబ్బులో కోచ్‌గా పనిచేశారు. కాబట్టి నేను చెప్పేది మీకు తెలియనిదేమీ కాదు. అయినా రాస్తున్నానంటే, దాన్ని మార్చగలిగే కుర్చీలో ఇప్పుడు మీరున్నారని.

ఈ దేశంలో ఒక పిల్లో పిల్లాడో ఎంత బాగా ఆడతారన్నది తర్వాతి సంగతి. ఇంట్లోవాళ్లు ఎంత కట్టగలరన్నదే ముందు చూస్తున్నారు.

ట్రైఔట్లు (జట్టు ఎంపికలు) అయిపోగానే క్లబ్బు నుంచి ఈమెయిల్ వస్తుంది. చోటు ఖాయం కావాలంటే వెంటనే డిపాజిట్ కట్టాలి. ఆపైన ఏడాది ఫీజు. అది కాక రెండు మూడు రకాల జెర్సీలు, మేజోళ్లు, బ్యాగుతో సహా యూనిఫాం కిట్టు. పాతది బాగానే ఉన్నా డిజైన్ మారిందంటే కొత్తది కొనాల్సిందే. టోర్నమెంటు ఫీజులో వాటా, బయటి ఊరికి వచ్చే కోచ్ ప్రయాణ ఖర్చులో వాటా. వీటికి తోడు 'స్టే టు ప్లే' అని ఒక షరతు. టోర్నమెంటు వాళ్లు చెప్పిన హోటల్లోనే గది తీసుకోవాలి. హ్యూస్టన్‌లో మా అన్నయ్య ఇల్లు గ్రౌండుకు దగ్గర్లోనే ఉన్నా మేం హోటల్ బిల్లు కట్టాం. పైస్థాయి జట్టులో ఆడితే ఇదంతా కలిపి ఏడాదికి ఒక్కొక్కరికి వేల డాలర్లు. మాలాంటి ఐటీ ఉద్యోగులు ఎలాగోలా కట్టేస్తారు.

మా వీధి వెనక పార్కులో సాయంత్రాలు ఆడే తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడున్నాడు. వాళ్ల నాన్న ఇళ్లకు పైకప్పులు వేసే పని చేస్తాడు. వచ్చే బంతిని ఎడమకాలితో ఆపి, అదే ఊపులో పక్కకు తిప్పుకుని, తనకంటే పెద్దపిల్లల మధ్య నుంచి దూసుకుపోతాడు. మా అమ్మాయి కోచ్ చూసి ముచ్చటపడి ట్రయల్‌కు పిలిచాడు. ఫీజులో రాయితీ ఇస్తామంది క్లబ్బు. కిట్టుకు, టోర్నమెంట్లకు మాత్రం కుదరదంది. ప్రాక్టీసు సాయంత్రం ఆరింటికి, అరగంట డ్రైవ్ దూరంలో. ఆ టైముకు తండ్రి ఇంకా పనిలోనే ఉంటాడు. కొన్నాళ్లు మేమే కారులో తీసుకెళ్లాం. చివరికి వాళ్లే మొహమాటపడి మానిపించారు. ఆ క్లబ్బులో చెడ్డవాళ్లెవరూ లేరు. కోచ్ జీతం, గ్రౌండు అద్దె తల్లిదండ్రుల జేబులోంచే రావాలన్నప్పుడు ఏ క్లబ్బైనా అంతకంటే ఏం చేయగలదు?

అమెరికా జట్టుకు ఆడిన క్లింట్ డెంప్సీ మా టెక్సాస్ వాడే. నాకొగ్డోచెస్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. డాలస్ క్లబ్బులో ఆడటానికి ఇంట్లోవాళ్లు గంటల తరబడి కారులో తీసుకొచ్చేవారు. డబ్బు చాలక ఒక దశలో క్లబ్బు ఆట మానేయాల్సి వస్తే, తోటి పిల్లల తల్లిదండ్రులు ఆదుకున్నారు. ఆ కుర్రాడే మూడు ప్రపంచకప్పుల్లో గోల్స్ కొట్టాడు. 57 గోల్స్‌తో, అమెరికా పురుషుల జట్టుకు అత్యధిక గోల్స్ కొట్టిన లాండన్ డోనవన్ రికార్డును సమం చేశాడు. ఆ కొద్దిమంది మంచివాళ్లు లేకపోతే మన జట్టుకు డెంప్సీ లేడు. అలాంటివాళ్లు దొరకని పిల్లలు ఎందరు మధ్యలోనే ఆగిపోయారో ఎవరు లెక్కపెట్టారు?

ఎంఎల్ఎస్ (మేజర్ లీగ్ సాకర్, ఇక్కడి ప్రొఫెషనల్ లీగు) క్లబ్బుల అకాడమీల్లో ఫీజు లేదు కదా అంటారు. నిజమే. మా పక్కనే ఉన్న ఎఫ్‌సీ డాలస్ అకాడమీ నుంచి వెస్టన్ మెకెన్నీ, రికార్డో పెపి లాంటి జాతీయ జట్టు ఆటగాళ్లు వచ్చారు. కానీ ఆ అకాడమీల గేటు దాకా రావాలంటే ముందు ఎవరి కంటనైనా పడాలి. ప్రతిభ వెతికే స్కౌట్లు ఎక్కువగా చూసేది ఫీజులు కట్టి ఆడే లీగుల్లోనే. పైగా ఆ అకాడమీలున్నది కొన్ని పెద్ద నగరాల్లోనే.

నా మొదటి కోరిక డబ్బు దారి మార్చమని. ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫాలో 2001 నుంచి ఒక నియమం ఉంది. ఒక ఆటగాణ్ని దేశం దాటి అమ్మినప్పుడు ఆ సొమ్ములో 5 శాతం, చిన్నప్పటి నుంచి అతనికి ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలి. అమెరికాలో మాత్రం ఏళ్ల తరబడి పిల్లల క్లబ్బులకు ఆ వాటా అందలేదు. అమెరికా ఆటగాడు డిఆండ్రే యెడ్లిన్‌ను 2014లో ఇంగ్లండ్ క్లబ్బు టోటెన్‌హామ్ కొనుక్కుంటే, అతనికి శిక్షణ ఇచ్చిన వాషింగ్టన్ రాష్ట్రపు క్రాస్‌ఫైర్ క్లబ్బు తన వాటా కోసం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. అప్పట్లో సమాఖ్య యాంటీట్రస్ట్ చట్టాల (వ్యాపారంలో పోటీని కాపాడే చట్టాలు) చిక్కులు చెప్పింది. 2019లో ఎంఎల్ఎస్ తన క్లబ్బులకు ఆ వాటా కావాలని నిర్ణయించుకుంది. పెద్దవాళ్లకు అడ్డురాని చట్టం చిన్న క్లబ్బులకే ఎందుకు అడ్డొస్తుంది? దేశంలోపల కూడా, శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు ప్రతిఫలం దక్కే ఏర్పాటు ఉండాలని ఫిఫా నియమావళే చెబుతోంది. అది వస్తే, పార్కులో ఆడే ఆ అబ్బాయికి నేర్పడం వల్ల క్లబ్బుకు రేపు ఆదాయం ఉంటుంది. ఇవాళ మాత్రం అతను క్లబ్బు లెక్కల్లో ఖర్చు.

రెండోది, పన్నెండేళ్ల లోపు పిల్లల సంగతి. తొమ్మిదేళ్ల వాళ్ల మ్యాచ్‌లో గట్టు మీది నుంచి పెద్దవాళ్లు "షూట్! షూట్!" అని అరుస్తుంటారు. కోచ్ కూడా గెలుపు కోసం పొడుగ్గా, బలంగా ఉన్న పిల్లలనే ఆడిస్తాడు, ఎందుకంటే ఓడిపోతే ర్యాంకు పడిపోతుంది, ర్యాంకు పడిపోతే వచ్చే ఏడాది తల్లిదండ్రులు వేరే క్లబ్బుకు పోతారు. పిల్లల మీద ఇంత టెన్షన్ అవసరమా? నార్వేలో 11 ఏళ్లు వచ్చేదాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండకూడదని నియమం. ప్రపంచంలోని మేటి గోల్ స్కోరర్లలో ఒకడైన ఎర్లింగ్ హాలండ్ పెరిగింది ఆ దేశంలోనే. మన దగ్గర పన్నెండేళ్ల లోపు పిల్లలకు రాష్ట్రం దాటే టోర్నమెంట్లు ఆపండి. 'స్టే టు ప్లే'ను పూర్తిగా నిషేధించండి.

క్లబ్బులు ప్రైవేటువి, మా మాట వినవు అని మాత్రం అనకండి. పదేళ్ల లోపు పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని 2015లో సమాఖ్య చెప్పింది, దేశమంతా పాటించింది. చిన్న గ్రౌండు, తక్కువ మంది ఆటగాళ్లు అన్న మార్పూ అలాగే వచ్చింది. మీరు గట్టిగా చెప్పిన ప్రతిసారీ క్లబ్బులు విన్నాయి.

గట్టిగా చెప్పనప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. 2017 అక్టోబరులో ట్రినిడాడ్ చేతిలో 2-1తో ఓడి పురుషుల జట్టు 2018 ప్రపంచకప్‌కు దూరమైనప్పుడు, అంతా మార్చేస్తామన్నారు. 2020లో సమాఖ్య 2007 నుంచి నడుపుతున్న డెవలప్‌మెంట్ అకాడమీనే (మేటి పిల్లల జట్ల జాతీయ లీగు) మూసేసింది. ఆ ఖాళీలో ఎంఎల్ఎస్ నెక్స్ట్, ఈసీఎన్ఎల్, గర్ల్స్ అకాడమీ అంటూ లీగులు పోటీపడుతున్నాయి. అదే కోచ్, అదే గ్రౌండు. జెర్సీ మీద బ్యాడ్జి మారుతుంది, దాంతోపాటు ఫీజు కూడా.

జర్మనీ 2000 యూరో కప్పులో తొలి దశలోనే ఇంటికొచ్చాక దేశమంతటా వందల సంఖ్యలో శిక్షణ కేంద్రాలు పెట్టింది. చిన్న ఊరి పిల్లలు కూడా వారానికోసారి అక్కడికి వెళ్లి మంచి కోచ్‌ల దగ్గర నేర్చుకోవచ్చు. 2014లో ప్రపంచకప్ గెలిచారు. మన దగ్గర స్కూలు గ్రౌండ్లు బోలెడున్నాయి, బడి వదిలాక చాలావరకు ఖాళీగా ఉంటాయి. బడి అయిపోగానే అక్కడే ఉచిత శిక్షణ పెడితే ఆరింటికి ఎవరు దింపాలన్న సమస్యే ఉండదు. దానికి కోచ్‌లు కావాలి. కోచ్‌లకు కావాల్సిన పైస్థాయి బీ, ఏ లైసెన్సులకు వేల డాలర్లవుతున్నాయి. ఆ కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు ఆ ఫీజు మాఫీ చేయండి.

ఇంకొక మాట, ఇది ఆడపిల్ల తల్లిగా. 2022లో సమాఖ్య కోరిక మీద విచారణ జరిపిన న్యాయవాది సాలీ యేట్స్ ఇచ్చిన నివేదిక, మహిళల సాకర్‌లోని వేధింపుల మూలాలు పిల్లల స్థాయిలోనే ఉన్నాయని చెప్పింది. కోచ్ ఒక్కడి చేతిలోనే పిల్ల భవిష్యత్తంతా ఉందనుకుంటే ఏ తల్లిదండ్రులు నోరు విప్పుతారు? పిల్లలు స్కౌట్ల కంట పడటానికి క్లబ్బు కాక ఇంకో దారి ఉంటే ఆ భయం తగ్గుతుంది.

డబ్బు ఎక్కడిదంటారేమో. 1994 ప్రపంచకప్‌లో మిగిలిన సొమ్ముతో యూఎస్ సాకర్ ఫౌండేషన్ పుట్టింది. పేదల పేటల్లో అది కట్టిన చిన్న మైదానాల్లో పిల్లలు ఇవాళ్టికీ ఆడుతున్నారు. 2026 ప్రపంచకప్‌లో ఏ నగరానికీ ఇవ్వనన్ని, 9 మ్యాచ్‌లు, మా పక్కనున్న ఆర్లింగ్టన్‌కు ఇచ్చారు. ఈ కప్పు వల్ల సమాఖ్యకు వచ్చే ఆదాయంలో ఎంత భాగం పన్నెండేళ్ల లోపు పిల్లల ఉచిత శిక్షణకు వెళ్తుందో, ఏ ఊళ్లకు వెళ్తుందో లెక్క ప్రకటించండి. చిన్న క్లబ్బుల వాటా గురించి వచ్చే వార్షిక సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టండి. మా వైపు ఊళ్లలో ఒక్క స్కూలు గ్రౌండులో మొదలుపెట్టినా సరే, గోల్‌పోస్టులు మోయడానికి, పిల్లల పేర్లు రాసుకోవడానికి మా క్లబ్బు తల్లిదండ్రులం కొందరం ఇప్పటికే ఒప్పుకున్నాం. ఎవరితో మాట్లాడాలో చెప్పండి.

ఇట్లు,
సాకర్ ఆడే ఇద్దరు పిల్లల తల్లి,
ఫ్రిస్కో, టెక్సాస్