మిత్రుడి పేరిట విరాళమా? ముందు ఉత్తరం రాయించుకోండి

అయ్యా,

సెప్టెంబరు పిల్లల క్యాన్సర్ అవగాహన మాసం. చనిపోయిన మిత్రుడి పేరిట పాత బ్యాచ్ వాళ్లు పరుగు కార్యక్రమం పెట్టి, వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంచి పరిశోధనకు డబ్బు పోగుచేస్తుంటారు. మంచిదే. చిక్కంతా ఇచ్చేచోటే.

నోటిమాటతో చెక్కు ఇస్తే అది సాధారణ విరాళాల్లో కలిసిపోతుంది. మోసం కాదు, మీరు షరతు రాసివ్వలేదు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి గానీ, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ ఇవ్వదలిస్తే ముందు పిల్లల విభాగం వైద్యుల్ని కలవండి. ఏ అధ్యయనానికి, ఏ ఖర్చుకు, ఎన్నేళ్లు, మిగిలితే ఏం చేయాలి అన్నవి రాసి, సంస్థ ఒప్పుకున్నట్టు సంతకం తీసుకున్నాకే వసూలు మొదలెట్టండి. పరిశోధనలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందో లేదో అడగండి. మందుల ట్రయల్ అయితే సీటీఆర్ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు కొట్టి ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

దాతలకు యంత్రాలంటే మోజు, పేరు చెక్కించడానికి వీలుగా ఉంటాయి మరి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కొనిచ్చి జనరేటర్ లైనూ, ఏఎంసీ (ఏటా మరమ్మతుల ఒప్పందం) మరిచిపోతే, గంటల తరబడి కరెంటు పోయినప్పుడు దాచిన శాంపిళ్లు పాడైపోవచ్చు. దానికన్నా డేటా రాసే మనిషి జీతం మేలు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు చికిత్సే రెండు, రెండున్నరేళ్లు. ఫలితం తేలాలంటే ఐదేళ్లయినా గమనించాలి. మధ్యలో రావడం మానేసిన పిల్లల ఇళ్లకు ఫోన్ చేసి కారణం రాసుకునేవారు లేకపోతే లెక్కే తప్పుతుంది. డిపాజిట్ చేసి వడ్డీ వాడమనే సలహా అందుకే మాకు నచ్చదు. 5 లక్షలకు 7 శాతం వడ్డీ అంటే నెలకు 3 వేలు కూడా రాదు. అది ఆ మనిషి జీతానికి చాలదు, అసలునే ఖర్చుపెట్టించండి.

ఒకరి యూపీఐలో పోగేసి ఒకే చెక్కు ఇస్తే రసీదు ఆయన పేరిటే వస్తుంది, మిగతావారికి 80జి అని పిలిచే ఆదాయపు పన్ను రాయితీ పోయినట్టే. ఎవరికి వారు నేరుగా సంస్థ ఖాతాకే పంపి, పాన్ ఇవ్వాలి. నగదు 2,000 రూపాయలు దాటితే రాయితీ లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే లేదు, ఆ మాట ముందే చెప్పేయండి.

అమెరికా పౌరసత్వం తీసుకున్న మిత్రులు పంపేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు, దాని ఢిల్లీ ఎస్‌బీఐ ఖాతాలోకే వెళ్లాలి. ఇక్కడి బావమరిది ఖాతాలో వేసి ఇప్పించడం కుదరదు. భారత పాస్‌పోర్టున్న ఎన్నారైలు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఈ తంటా లేదు.

పోస్టరు అచ్చుకిచ్చే ముందు మిత్రుడి ఇంట్లోవాళ్లను అడగండి. వార్డులోని పిల్లల ఫొటోలు దానిమీద వేయకండి.

– కొందరు పాఠకులు, హైదరాబాద్