‘ఏం పని చేస్తావమ్మా?’ అని అడిగి మందు రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. కాశీబుగ్గలో జీడిపిక్కల కటింగ్‌కు వెళ్లే మా పిన్ని గురించి, ఆమెతో పాటు ఆ పని చేసే ఆడవాళ్లందరి చేతుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. గత నెల ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పిన్ని కుడి బొటనవేలు పెట్టింది, ముద్ర పడలేదు. తడిగుడ్డతో తుడుచుకుని మళ్లీ పెట్టింది, పడలేదు. ఎడమ చేయి, చూపుడువేళ్లు, ఉంగరపు వేళ్లు అన్నీ అయ్యాక ఆ అబ్బాయి ఓపికగా ముఖం ఫొటో తీసి డబ్బు చేతిలో పెట్టాడు. అతను వెళ్లాక ఆమె అరచేతులు పట్టుకుని వాకిట్లో వెలుతురుకు చూశాను. వేళ్ల కొసల మీద గీతలు లేవు. చర్మం నల్లగా, నున్నగా మెరుస్తోంది. కణుపుల దగ్గర మాత్రం పగిలి, ఆ పగుళ్లలో పచ్చి కనిపిస్తోంది. అన్నంలో పులుసు కలుపుకోలేక ఏడాదిగా చెంచాతో తింటోందని నాకు ఆ రోజే తెలిసింది. “సేతుల్లో నిప్పులు పోసినట్టుంటదే తల్లీ, దానికన్నా ఒంట్లో సత్తువ నేకపోడమే ఎక్కువ బాధగుంది” అంది.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. చర్మం పొరల బొమ్మ ఏటా బోర్డు మీద వేస్తాను. ఇరవై రెండేళ్లుగా పిక్కలు కోస్తున్న మా ఇంటి మనిషి చేతులను మాత్రం అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. ఆ బాధతోనే అప్పటి నుంచి చదివి, వైద్యులను అడిగి తెలుసుకున్న సంగతులు మీ పత్రిక ద్వారా నలుగురికీ చేరాలని కోరుకుంటున్నాను.

మామిడి సొన పెదవికి తగిలితే పొక్కుతుందని మన పల్లెల్లో చిన్నపిల్లలకూ తెలుసు. పూర్వం రజకులు బట్టలకు గుర్తు పెట్టడానికి నల్లజీడి రసం వాడేవారు. ఆ గుర్తు మెడకో నడుముకో ఒరుసుకున్న చోట దద్దులు లేచేవి. మామిడి, నల్లజీడి, జీడిమామిడి ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. జీడిపిక్క పెంకు పైకి ఒకటే పొరలా కనిపించినా, వెలుపలి పొరకూ లోపలి పొరకూ నడుమ తేనెపట్టులాంటి అరలుంటాయి. ఆ అరల నిండా చిక్కటి నూనె ఉంటుంది. అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్, కార్డనాల్ అందులోని ముఖ్య పదార్థాలు. బండ్ల బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో, రెసిన్లలో పనికొస్తుంది కాబట్టి ఆ నూనెకు మంచి గిరాకీ ఉంది. ఒంటికి తగిలితే మాత్రం అది చర్మాన్ని కాల్చేస్తుంది.

బాయిలర్‌లో ఆవిరి పట్టి ఆరబెట్టిన పిక్కను కాలితో తొక్కి చేత్తో లాగే మిషను మీద రెండుగా చీల్చి, లోపలి పప్పును సూదిమొనతో ఊడదీయాలి. పప్పు విరిగి బద్ద అయితే ధర పడిపోతుంది. గుండు గుండుగా రావాలంటే వేలి కొసలకు స్పర్శ తెలియాలి. అందుకే చాలామంది తొడుగులు లేకుండానే కూర్చుంటారు. పిక్క చీలిన ప్రతిసారీ నూనె చిమ్మి వేళ్ల సందుల్లోకి, గోళ్ల కిందికి పోతుంది. కూలి కిలో లెక్కన కనుక మధ్యలో లేచి చేతులు కడుక్కోవడమంటే ఆ మేరకు డబ్బు పోగొట్టుకోవడమే. సాయంత్రం ఆ నలుపు వదలడానికి మా పిన్ని కిరసనాయిలుతో రుద్ది, ఆపైన బట్టల సబ్బుతో కడిగేది. నూనె కాల్చిన చర్మంలో మిగిలిన కాస్త జిడ్డునూ ఆ రెండూ లాగేస్తాయి.

చర్మానికి ఏదైనా తగిలి వచ్చే ఈ జబ్బును వైద్యులు కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. అది రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, ఘాటైన పదార్థం చర్మాన్ని నేరుగా కాల్చడం; ఇది ఎవరికైనా జరుగుతుంది. రెండోది అలర్జీ. కొందరి ఒంట్లోని రక్షణ కణాలు ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. అక్కడి నుంచి కొద్దిగా తగిలినా చాలు, ఒకటి రెండు రోజుల తర్వాత దురద, ఎరుపు, నీటిపొక్కులు లేస్తాయి. ఆలస్యంగా లేస్తాయి గనుకనే అసలు కారణాన్ని ఎవరూ అనుమానించరు. సోమవారం తగిలినదానికి బుధవారం పొక్కితే, ముందురోజు తిన్న వంకాయ మీదికో ఎండుచేప మీదికో నేరం పోతుంది. మా ఇంట్లో రెండేళ్ల పాటు వంకాయ మానేశారు. జిడ్డుచేతితో నుదుటి చెమట తుడుచుకుంటే కనురెప్పలు వాస్తాయి. అప్పుడు అది చేతుల జబ్బే కాదన్నట్టు కనిపిస్తుంది.

ఇక మందుల సంగతి. నేను అడిగితే పిన్ని తలగడ కింద నుంచి మూడు ట్యూబులు, ఒక కాగితం పొట్లంలో విడి మాత్రలు తీసింది. ట్యూబుల్లో రెండు ఒకే రకం. క్లోబెటసాల్ అనే చాలా గట్టి స్టెరాయిడ్, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫంగస్ మందు ఒకేదాంట్లో కలిపినవి. ఏ వైద్యుడూ రాయలేదు, మందుల షాపులో అడిగితే ఇచ్చారు. రాసిన మూడో రోజుకు మంట తగ్గుతుంది. అందుకే నమ్మకం కుదురుతుంది. పని మానరు, నూనె తగులుతూనే ఉంటుంది, పూతా సాగుతూనే ఉంటుంది. నెలల తరబడి రాస్తే స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది. పలచబడ్డ చర్మంలోకి జీడి నూనె ఇంకా తేలిగ్గా దిగుతుంది. అందరినీ కాకపోయినా కొందరిని నియోమైసిన్ సైతం అలర్జీ పాలు చేస్తుంది, అంటే నయం చేయాల్సిన మందే రెండో జబ్బవుతుంది. స్టెరాయిడ్ పూతలను వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చింది. మా వీధి చివర ఈ రోజుకీ ఆ ట్యూబు పేరు చెబితే చాలు, ఇచ్చేస్తారు.

నీరసం గురించి కాస్త ఎక్కువగా రాయాలి. ఎందుకంటే చేతుల మంటను కనీసం చూపించుకుంటారు గానీ నీరసాన్ని మన ఆడవాళ్లు జబ్బుగా లెక్కపెట్టరు, ఇంట్లోవాళ్లూ లెక్కపెట్టరు. పొట్లంలోని మాత్రల్లో ఒకటి దురద తగ్గించే క్లోర్‌ఫెనిరమిన్. దానితో మత్తు వస్తుంది. రాత్రి ఒకటి, పొద్దున్న ఒకటి వేసుకుని మిషను ముందు కూర్చునే మనిషికి తల దిమ్ముగా, కాళ్లు బరువుగా ఉండకపోతే ఆశ్చర్యపోవాలి. మత్తుతో, కాలితో తొక్కే కత్తుల మధ్య వేళ్లు పెట్టి పని చేస్తోందన్న ఊహకే నాకు ఒళ్లు జలదరించింది. మాత్ర వేసుకోకపోతే దురదకు నిద్ర పట్టదు. నిద్ర లేకపోతే మర్నాడు మళ్లీ నీరసమే. గట్టి స్టెరాయిడ్ పగిలిన చర్మం గుండా రక్తంలోకి చేరితే, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకోవడం, పూత ఒక్కసారిగా ఆపినప్పుడు నిస్సత్తువ, కళ్లు తిరగడం కూడా కొందరిలో జరుగుతాయి. ఇవి మందుల వల్ల వచ్చేవి. రక్తహీనత, థైరాయిడ్ తగ్గడం, షుగరు కూడా ఇలాగే నీరసంగానే బయటపడతాయి.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది వేరొకటి. మాది ఉద్దానం అంచు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో మీ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. మూలకారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఒళ్లంతా దురద, విడవని నీరసం రెండూ వస్తాయి. అంటే జీడి నూనె బాధితురాలు చెప్పే రెండు మాటలే కిడ్నీ రోగి కూడా చెబుతారు. తేడా ఉంది: నూనె వల్ల వచ్చే దురద అది తగిలిన చోట, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, ముఖం మీద మొదలవుతుంది, కిడ్నీ దురదకు మొదట్లో దద్దులు ఉండవు, వీపు మీద, రాత్రిళ్లు ఎక్కువగా ఉంటుంది. అయితే ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. మన దగ్గర జీడి పని చేసే మనిషికి ‘ఇది పెంకు నూనె దురదే’ అని చూడకుండా తేల్చేయడం ఎంత ప్రమాదమో, కూర్చుని కూర్చుని పట్టేసిన నడుముకు రోజూ డైక్లోఫినాక్ మింగించడం అంతే ప్రమాదం. నొప్పి మాత్రలు ఎడతెగకుండా వాడితే అవే కిడ్నీలను దెబ్బతీస్తాయి. పొట్లంలోని రెండో రకం మాత్ర అదే.

ఒక ఆదివారం పిన్నిని చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చేతులు చూడకముందే “ఏం పని చేస్తావమ్మా?” అని అడిగారు. అంతకుముందు నాలుగు చోట్ల చూపించుకున్నా ఆ మాట ఎవరూ అడగలేదని పిన్ని చెప్పింది. రక్తపరీక్ష రాశారు. కిడ్నీలు ఎలా పని చేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది. ఆ కాగితం చూసేదాకా మేమెవరం సరిగ్గా ఊపిరి పీల్చుకోలేదు. హిమోగ్లోబిన్ మాత్రం 7.8, అంటే బాగా తక్కువ. నొప్పి మాత్రలు, మత్తు మాత్రలు, పాత ట్యూబులు ఆపించి, తక్కువ రోజులకు లెక్కగా ఒక పూత, రోజుకు నాలుగైదుసార్లు చర్మాన్ని మెత్తగా ఉంచే పారాఫిన్ పూత రాసుకోవడం, ఐరన్ మాత్రలు, ముఖ్యంగా ఆరు వారాలు కటింగ్‌కు దూరంగా ఉండటం చెప్పారు. మొదటివన్నీ చేయగలిగాం. ఆఖరిదానికి యజమానిని బతిమాలితే తొక్క తీసే పనిలోకి మార్చారు. ఆ విభాగంలో నూనె చాలా తక్కువగా తగులుతుంది, కూలి కూడా తక్కువే వస్తుంది. తొడుగుల మాట ఎత్తితే “ఇచ్చినా వేసుకోరు” అన్నారు. అది పూర్తిగా అబద్ధం కాదు. ఇచ్చేవి పలచటి రబ్బరువి. చెమటకు లోపల చేయి నానుతుంది, రెండు రోజుల్లో చిరుగుతాయి, చిరుగులోంచి దిగిన నూనె లోపలే మగ్గి ఉత్త చేతికన్నా ఎక్కువ కాలుస్తుంది. లోపల నూలు తొడుగు, పైన నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు తొడుగు, అవి చిరిగిన పూటే మార్చుకునే వీలు, పని మొదలుపెట్టే ముందు ఆముదం, కిరసనాయిలుకు బదులు మొదట వంటనూనెతో తుడుచుకుని తర్వాత మెత్తటి సబ్బుతో కడుక్కోవడానికి నీళ్లు ఇవ్వగలిగితే వేసుకుంటారు. తొడుగుల వల్ల మొదటి వారాల్లో తగ్గే కిలోలకు కూలి కోయకుండా ఉంటే తప్పకుండా వేసుకుంటారు.

రసాయనాలు నేరుగా తగిలి వచ్చే చర్మవ్యాధిని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తెలియజేయాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో చేర్చింది. అలాంటి రోగిని చూసిన వైద్యుడు ఆ సంగతి అధికారులకు రాయాలన్నది దాని ఉద్దేశం. పని ఏమిటో అడగకపోతే రాసేది ఎక్కడిది? మస్టర్లో పేరు లేకుండా పీస్ రేటుకు వచ్చిపోయే ఆడవాళ్ల విషయంలో అడిగేవాళ్లు మరీ తక్కువ.

అందుకే జిల్లా వైద్యారోగ్య, కార్మిక శాఖల అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. జీడి ప్రాంతంలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ చీటీ మీద వయసు పక్కనే ‘చేసే పని’ అని ఒక గడి పెట్టాలి. చేతుల దురదతో పాటు నీరసం చెప్పిన ప్రతి ఒక్కరికీ పూత రాసి పంపేయకుండా హిమోగ్లోబిన్, క్రియాటినిన్, షుగరు, థైరాయిడ్ చూడాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి కనుక కిడ్నీ పరీక్షకు దూరాభారం ఇప్పుడు సాకు కాదు. అలర్జీ దేనికో తేల్చే ప్యాచ్ టెస్టులో వీపు మీద పట్టీలు అంటించి 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. ఇందుకు మూడుసార్లు వెళ్లాలి. ప్రతిసారీ శ్రీకాకుళం వెళ్లడం కూలివాళ్ల వల్ల కాదు. చర్మవైద్యులే నెలకోసారి పలాస వచ్చి ఈ పరీక్ష చేసేలా ఏర్పాటు కావాలి. మందుల షాపుల్లో చీటీ లేని స్టెరాయిడ్ ట్యూబుల మీద తనిఖీ జరగాలి.

మరొక చిన్న మాట. శిబిరం పెట్టేటప్పుడు దయచేసి ఫ్యాక్టరీల వారపు సెలవు రోజు చూసి పెట్టండి. పనిరోజున పెడితే ఆ పూట కూలి పోతుందని మా పిన్ని లాంటివాళ్లు ఎవరూ రారు.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయురాలు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా