వైస్ ఛాన్సలర్ గారికి బహిరంగ లేఖ: ఉద్దానం మాట ఉద్దానానికీ వినపడాలి

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి నమస్కారం.

రెండు ఉత్తరాలు రాశాను, ఒకసారి మీ ఆఫీసుకీ వచ్చాను. జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను.

మీ యూనివర్సిటీలో మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుపై సదస్సు పెట్టారు. కిడ్నీ డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త, వ్యవసాయ శాస్త్రవేత్త, సోషియాలజీ ప్రొఫెసర్ ఒకే వేదిక ఎక్కడం నిజంగా మంచి పని, ఎందుకంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇన్నేళ్లుగా మనుషుల్ని తీసుకుపోతున్న ఈ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లా, పురుగుమందులా, ఎండలో పనా, వంశపారంపర్యమా అన్నది ఏ ఒక్క శాఖో తేల్చగలిగేది కాదు.

కానీ మాటలన్నీ ఇంగ్లీషులోనే. డయాలసిస్ మీద బతుకుతున్న మా మావయ్య వెనక వరసలో రెండు గంటలు ఓపిగ్గా కూర్చుని, బయటికొచ్చాక "ఇంతకీ మన బోరు నీళ్లు తాగొచ్చంటారా?" అని నన్నడిగారు. నేనేం చెప్పను?

దయచేసి ఆ ప్రసంగాల రికార్డింగులను తెలుగు సారాంశంతో నెలలోపు బయటపెట్టండి. వచ్చే సదస్సు సోంపేటలోనో పలాసలోనో, తెలుగులో జరపండి. అందులో సగం సమయం రోగులకీ రైతులకీ ఇవ్వండి.

ఇట్లు,
ఉద్దానం వాసి