తల కదలిక చేసే మోసం

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. పిల్లల మెదడు స్కాన్ల పనిలో దిగావన్నమాట, సంతోషం. గోడ మీద అంటించుకున్నానన్నావే, ఆ ఏడు రంగుల మెదడు బొమ్మ, దాన్ని మరీ నెత్తిన పెట్టుకోకు. కలిసి పనిచేసే మెదడు ప్రాంతాల గుంపుల్ని, అంటే నెట్‌వర్కుల్ని, ఒక్కో రంగులో చూపిస్తూ 2011లో యో అనే శాస్త్రవేత్త బృందం వెయ్యి మంది పెద్దవాళ్ల స్కాన్ల నుంచి తీసిన బొమ్మ అది. ఏడు అన్నదీ శిలాశాసనం కాదు. అదే డేటాని వాళ్లే పదిహేడుగానూ విడగొట్టారు. దాన్ని తీసుకెళ్లి మూణ్నెల్ల పాపాయి తలకి తొడిగితే తిప్పలే.

ఈ నెట్‌వర్కులు ఎలా పుడతాయని కదా అడిగావు. మెదడు పైతొడుగైన కార్టెక్స్ మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు, ఆరు పొరలు, సుమారు 1600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు. అందులో ఎక్కువ భాగం పుట్టేది అక్కడ కాదు. లోపల ద్రవం నిండిన గదుల గోడల దగ్గర పుట్టి, రేడియల్ గ్లియా అనే ఆసరా కణాల పొడవాటి పోగుల్ని పట్టుకుని పైకి పాకుతాయి. ముందు పుట్టినవి అడుగున ఆరు, అయిదు పొరల్లో ఆగిపోతాయి. వెనకొచ్చేవి వాటిని దాటుకుని పైపొరలకి ఎక్కాలి. పైనున్న కణాలు వదిలే రీలిన్ అనే ప్రోటీన్ లోపిస్తే ఈ వరస చెడుతుంది. లిస్-1 జన్యువు దెబ్బతింటే కణాలు సగం దారిలో చతికిలబడి, మడతల్లేని నున్నటి మెదడు మిగులుతుంది.

సరే, చేరుకున్నాక ఏ ముక్క ఏ పని చేయాలో ఎవరు చెబుతారు? కొంత జన్యువులు, కొంత, ఇంద్రియాల కబుర్లని కార్టెక్స్‌కి అందించే థాలమస్ అనే లోపలి భాగం నుంచి వచ్చే నాడీ తీగలు. శాస్త్రవేత్త మృగాంక సుర్ బృందం ఫెర్రెట్లనే ముంగిసలాంటి జంతువుల్లో కంటి నుంచి వచ్చే తీగల్ని వినికిడి థాలమస్ వైపు మళ్లించింది. వినికిడి కార్టెక్స్ చూపుకి స్పందించడమే కాదు, గీత ఎటు వాలిందో గుర్తుపట్టే కణాలు కూడా అక్కడ తయారయ్యాయి. మనుషుల్లో ఈ థాలమస్ తీగలు నేరుగా లోపలికి పోవు, కార్టెక్స్ కింద సబ్‌ప్లేట్ అనే తాత్కాలిక పొరలో వారాల తరబడి కాచుకుంటాయి. నెలలు బాగా తక్కువై పుట్టిన బిడ్డలు సరిగ్గా ఆ అదనులోనే బయటికొస్తారు కాబట్టి, నీ డేటాలో ఏ బిడ్డ ఎన్నో గర్భవారంలో పుట్టిందో లేకపోతే ముందు అది సంపాదించు.

పుట్టాక కూడా అన్ని ప్రాంతాలూ ఒకేసారి పండవు. హట్టెన్‌లోకర్ అనే పరిశోధకుడి లెక్కల్లో, వినికిడి కార్టెక్స్‌లో సినాప్సుల, అంటే నాడీకణాల మధ్య అతుకుల, సాంద్రత మూడో నెలకే శిఖరం చేరింది; నుదుటి వెనక భాగంలో పదిహేను నెలలు దాటాక. అక్కడ అనవసరమైనవి కత్తిరించే పని కౌమారం దాకా సాగుతుంది. నెట్‌వర్కులదీ అదే వరస. నెలలు నిండి పుట్టిన బిడ్డలో కదలికలవీ, చూపువీ దాదాపు పెద్దవాళ్లలాగే కనిపిస్తాయి, కుడి ఎడమలు జతకట్టి. ఏ పనీ లేనప్పుడు చురుగ్గా ఉండే డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్కు మాత్రం అప్పటికి ముక్కలు ముక్కలే. ముందుభాగం, వెనకభాగం ఒకటవడం మొదటి రెండేళ్లలో మొదలై ఏళ్లకేళ్లు సాగుతుంది.

ఇక అసలు విషయానికొస్తాను, నీకు పనికొచ్చేది ఇదే. "వయసుతో దగ్గరి లింకులు సన్నబడి, దూరపు లింకులు బలపడతాయి" అని చాలా పేపర్లలో చదివి ఉంటావు; లింకంటే రెండు మెదడు ప్రాంతాల సంకేతాలు కలిసి హెచ్చుతగ్గులవడం. 2012లో పవర్ అనే పరిశోధకుడూ తోటివాళ్లూ చూపించిందేమిటంటే, స్కానర్లో తల కాస్త కదిలినా దగ్గరి సంబంధాలు ఉన్నదానికన్నా ఎక్కువగా, దూరపువి తక్కువగా కనిపిస్తాయి. చిన్నపిల్లలే ఎక్కువ కదులుతారు. అంటే కదలిక ఒక్కటే అచ్చం ఎదుగుదల వేషం కట్టగలదు! పాత ఫలితాలన్నీ అబద్ధమని కాదు, వాటిలో కొంత ఉబ్బు ఉంది.

అందుకని ప్రతి ఫ్రేముకీ, అంటే స్కానర్ వరసగా తీసే ఒక్కో బొమ్మకీ, ముందటి ఫ్రేముతో కదలిక లెక్కకట్టు: మూడు జరుగుళ్లు, మూడు తిరుగుళ్లు. తిరుగుళ్లని 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న గోళం మీద దూరంగా మార్చి, ఆరింటినీ ప్లస్, మైనస్ గుర్తులు చూడకుండా కూడు. 0.2 మిల్లీమీటర్లు దాటిన ఫ్రేముల్ని తీసిపారెయ్. 0.5 దాకా ఊరుకునేవాళ్లూ ఉన్నారు, పిల్లల డేటాకి అది మరీ వదులు. తీసేసిన చోట అంచనా విలువలు నింపాకే, అక్కర్లేని హెచ్చుతగ్గుల్ని వడగట్టే ఫిల్టర్ వెయ్యి. ముందే వేస్తే ఒక్క కుదుపు చుట్టుపక్కల మంచి ఫ్రేములకీ అంటుకుంటుంది. శుభ్రం చేశాక అయిదు నిమిషాలు కూడా మిగలని బిడ్డని మొహమాటపడకుండా పక్కనపెట్టు. మొత్తం మెదడు సగటు సంకేతాన్ని తీసేస్తే కదలిక మచ్చ చాలావరకు పోతుంది, కానీ కొన్ని సంబంధాలు లెక్క కారణంగానే మైనస్‌లోకి జారతాయి, వాటికి కథలల్లకు.

ఇంకోటి. పసివాళ్లని పాలుపట్టి, గుడ్డలో చుట్టి, చెవులు మూసి నిద్రలో స్కాన్ చేస్తారు, ఏడేళ్లవాణ్ణి మెలకువలో. ఆ ఇద్దర్నీ పోల్చినప్పుడు తేడా వయసుదా, నిద్రదా? దీనికి ఏ సాఫ్ట్‌వేరూ జవాబు చెప్పదు, ముందే ఆలోచించుకోవాలి. ఆరో నెల దగ్గర బూడిద, తెలుపు పదార్థాలు టీ1 అనే రకం ఎమ్మారై బొమ్మలో దాదాపు ఒకే రంగులో పడతాయి, పెద్దవాళ్ల ప్రోగ్రాము అక్కడ సరిహద్దు ఇష్టమొచ్చినట్టు గీస్తుంది. పసిపిల్లల కోసం చేసిన టెంప్లేట్లే, అంటే నమూనా మెదడు బొమ్మలే, వాడు.

ఈసారి రాసేటప్పుడు నెట్‌వర్క్ బొమ్మలు తర్వాత, ముందు వయసుకీ కదలికకీ మధ్య గ్రాఫ్ పంపు. శుభ్రం చేయకముందుదీ, చేశాకదీ, రెండూ.

ఉంటాన్రా,
నీ మూర్తి