పెద్దవారి వార్తల్లో క్రియకూ మర్యాద ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

'రోడ్డు దాటుతుండగా బైకు ఢీకొని వృద్ధురాలు మృతి చెందింది' వంటి వార్త లేకుండా మన జిల్లా పేజీలు రావడం అరుదు. అదే పేజీలో కాస్త దిగువన, దాదాపు అదే వయసున్న మాజీ ఎమ్మెల్యే తల్లిగారు 'కన్నుమూశారు'. హోదాను బట్టి చావు వార్తలో కూడా క్రియ మారిపోవడం నాకు ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది.

'ముసలి' మోటుమాట అనీ, 'వృద్ధ' మర్యాద అనీ చాలామంది తేల్చేస్తుంటారు. ఆ లెక్క సరికాదని నా అభిప్రాయం. పిల్లలకు ముసలయ్య, ముసలమ్మ అని పేర్లు పెట్టుకున్న ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రంలో చెరువు కట్ట నిలపడానికి ప్రాణమిచ్చిందని చెప్పుకునే కోడలిని జనం కొలుచుకునేది ముసలమ్మ అన్న పేరుతోనే. 'ముసలాయన వచ్చారు' అన్నప్పుడు వినిపించే మన్నన 'వృద్ధుడు వచ్చాడు' అన్నప్పుడు వినిపించదు. సంస్కృత పదం వేసినంత మాత్రాన చివరనున్న 'డు' మెత్తబడదు. ఆడవారి విషయంలో ఇది మరీ అన్యాయం. తెలుగులో స్త్రీకి వాడే ఏకవచన క్రియ, వస్తువులకు వాడే క్రియ ఒకటే కనుక, 'గోడ పడిపోయింది' అన్నా 'వృద్ధురాలు పడిపోయింది' అన్నా క్రియలో ఏ తేడా కనిపించదు.

'ముసలోడు', 'ముసల్ది' వంటివి ఎలాగూ అచ్చులోకి రావు. అచ్చులో దర్జాగా వచ్చేది 'పండుటాకులు'. పింఛన్లు ఒక రోజు ఆలస్యమైతే చాలు, 'పండుటాకుల పడిగాపులు' అన్న శీర్షిక సిద్ధంగా ఉంటుంది. ప్రాస బాగానే కుదిరింది గానీ, రేపోమాపో రాలిపోతారన్న సూచన అందులో ఉందని రాసేవారికి తోచదు కాబోలు. ఆ వరుసలో నిలబడినవారిలో తెల్లవారుజామున లేచి కూలిపని చేసుకునేవారూ ఉంటారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 60 ఏళ్లు నిండినవారందరినీ వయోవృద్ధులుగానే లెక్కిస్తుంది. అయినా ప్రమాదంలో గాయపడిన అరవై రెండేళ్ల ఆటో డ్రైవరు 'వృద్ధుడు' అవుతాడు, డెబ్బై దాటిన మంత్రి 'సీనియర్ నేత' అవుతారు.

'తాతా', 'అవ్వా', 'మామ్మా' అని వరస కలిపి పిలవడాన్ని నేను తప్పుపట్టను. తెలంగాణలో, రాయలసీమలో 'నువ్వు' అనడంలోనే ఎంతో ఆప్యాయత ఉంటుంది. (నలభై అయిదేళ్ల బ్యాంకు గుమస్తా అరవై ఏళ్ల ఖాతాదారును 'తాతా, ఇటు రా' అనడం మాత్రం ఏ వరసకూ అందదు.) పత్రికకు అలాంటి చుట్టరికం ఉండదు కనుక, అది తన మన్ననను వాక్యంలోనే చూపించాలి.

'వికలాంగులు' అనే మాటను ప్రభుత్వమూ పత్రికలూ కొద్ది ఏళ్లలోనే 'దివ్యాంగులు'గా మార్చుకున్నాయి. ఆ కొత్త మాట నాకు అంతగా రుచించదు, ఇక్కడ మనకు కొత్త మాటతో పని కూడా లేదు. పేరు, వయసు, వృత్తి తెలిసినప్పుడు '68 ఏళ్ల కూరగాయల వ్యాపారి మృతి చెందారు' అని రాయవచ్చు. పేరు తెలియనప్పుడు 'పెద్దాయన', 'పెద్దావిడ' ఉన్నాయి. శీర్షికలో చోటు చాలదంటారేమో, 'వృద్ధురాలు' కంటే 'పెద్దావిడ' పొడుగు మాటేమీ కాదు. నేరం చేసినవారికి సైతం 'గారు' తగిలించమని నేను కోరడం లేదు. గొలుసు పోగొట్టుకున్న పెద్దావిడ 'ఫిర్యాదు చేశారు' అని రాయమంటున్నాను, అంతే. ఏటా అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవానికి ప్రత్యేక కథనాలు వేస్తుంటారు కనుక, ఈసారి ఆ తేదీకి ముందే మీ డెస్కుకూ మండల విలేకరులకూ ఈ మేరకు ఒక సూచన పంపవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
తెనాలి