సంక్రాంతి పార్సిళ్లు ఎందుకు ఆలస్యమయ్యాయో, అసలు మాట

అందరికీ నమస్కారమండీ.

సంక్రాంతికి మీరు నా దగ్గర ఆర్డర్ పెట్టిన పచ్చడి సీసాలు మీకు చేరేసరికి కనుమ, ముక్కనుమ కూడా వెళ్లిపోయాయి. కొందరికి 22న గానీ రాలేదు. మొత్తం 64 పార్సిళ్లు. జనవరి 12న మీ అందరికీ "గాలివాన వల్ల ఓడ రాలేదు, కాస్త ఓపిక పట్టండి" అని మెసేజ్ పెట్టాను. అందులో సగమే నిజం. కొత్త సంవత్సరం మొదలు తొమ్మిది రోజులు ఓడ రాలేదన్నది నిజమే. కానీ 10వ తారీఖున వచ్చింది. నా పార్సిళ్లు మా షెడ్డులోనే ఉన్నాయి, వాటి మీద అడ్రసులు కూడా అంటించేసి ఉన్నాయి. నేనే ఎక్కించలేదు.

ఎందుకో చెబుతాను గానీ కొంచెం వెనక నుంచి రావాలి. టీ పెట్టుకుని చదవండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం: నేనుండేది ఎగ్ అనే దీవిలో. స్కాట్లాండ్ పడమటి తీరంలో మాలేగ్ రేవు నుంచి ఓడలో గంటా పావు. మాది రాజమండ్రి. మా అమ్మ ఇప్పటికీ చుట్టాలతో "మా పిల్ల గుడ్డు లంకలో ఉంటుంది" అనే చెబుతుంది. తొమ్మిది కిలోమీటర్ల పొడవు, అయిదు కిలోమీటర్ల వెడల్పు, నూరు పైచిలుకు జనం, మధ్యలో 393 మీటర్ల నల్లరాతి కొండ, పేరు అన్ స్కూర్. బయటి నుంచి వచ్చేవాళ్లు కారు తేవడానికి లేదు. సూపర్ మార్కెట్ లేదు, రేవు దగ్గర ఒక్క కొట్టుంది. డిసెంబర్‌లో మూడున్నర దాటిందంటే చీకటి. పంటు రాకపోతే ఒడ్డునే కూర్చునే గోదావరి లంకల వాళ్లకి ఇదేమీ కొత్త బతుకు కాదు, చలొక్కటే తేడా.

ఇక్కడికి పెళ్లి చేసుకుని వచ్చాను. గ్లాస్గోలో చదువుకునే రోజుల్లో ఈయనా నేనూ ఒకే ఇంట్లో వేరువేరు గదుల్లో అద్దెకుండేవాళ్లం. నేను పోపు పెడితే చాలు, వంటింట్లో ఫైర్ అలారం గీపెట్టేది. తువ్వాలు పట్టుకుని దాని కింద నిలబడి విసిరి విసిరి నోరు మూయించింది ఈయనే. నాలుగోసారికి "ఇందులో నాకూ ఒక ప్లేటు రావాలి కదా" అన్నారు. అదీ మా ప్రేమకథ. పెద్దగా చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

ఈ దీవిలో ఎవరికీ ఒక్క ఉద్యోగం ఉండదు. మా ఆయన ఓడ వచ్చినప్పుడు రేవులో తాళ్లు పడతారు, గొర్రెలు చూస్తారు, వడ్రంగం చేస్తారు, కరెంటు మరమ్మతు జట్టులో ఉన్నారు. ఈ కరెంటు సంగతి మీకు చెప్పాలి, ఎందుకంటే నా పచ్చళ్ల లెక్కంతా దాని మీదే నడుస్తుంది. దేశం మొత్తానికి వెళ్లే కరెంటు లైన్లు మా దాకా రావు. 2008 దాకా చాలావరకు ఎవరింటికి వాళ్లు డీజిల్ జనరేటర్ నడుపుకునేవాళ్లు. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి వాగు నీళ్లు, గాలి, ఎండ, ఈ మూడింటితో మా కరెంటు మేమే తయారు చేసుకుంటున్నాం. ఇంటికి 5 కిలోవాట్లు హద్దు. అంతకు మించి ఒక్కసారే వాడితే ఇల్లంతా చీకటి, మళ్లీ జట్టులో ఎవరో వచ్చి పెట్టాల్సిందే.

ఇక్కడి కెటిల్ ఒక్కటే 3 కిలోవాట్లు తాగుతుంది. ఓవెన్‌లో సీసాలు వేడి చేస్తూ, గ్రైండర్‌లో వెల్లుల్లి వేసి, అలవాటు కొద్దీ కెటిల్ మీట నొక్కానా, అయిపోయింది. కొండ అవతల గొర్రెల దగ్గర ఉన్న మా ఆయన ఫోన్ మోగుతుంది. బురద బూట్లతో వచ్చి, ఒక్క మాట అనకుండా కెటిల్ వంక చూసి, కరెంటు పెట్టి వెళ్తారు. ఆ చూపు కన్నా నాలుగు తిట్లు నయం.

ఇంతకీ పచ్చడి. గోంగూరకి మా చలి పడదు, రెండేళ్లు ప్రయత్నించి మానేశాను. ఇక్కడ ఎవరి పెరట్లో చూసినా ఉండేది రూబార్బ్. చేమకాడంత లావున ఎర్రటి కాడ, చింతకాయలా పులుపు. దొరలు పంచదార పోసి తీపి చేసుకుంటారు. మెంతిపిండీ ఆవపిండీ కారం పడితే ఏమవుతుందో మీకు తెలుసు, అందుకే కదా ఆర్డర్లు పెడుతున్నారు. చాలామంది అడిగారు కాబట్టి మళ్లీ చెబుతున్నా: దాని ఆకు విషం. చూడ్డానికి ఎంత పచ్చగా ఉన్నా వండకండి, కాడ మాత్రమే.

మొదటి మొక్క ఇచ్చింది మా పక్కింటి పెద్దాయన. వాళ్లావిడ పెళ్లయిన కొత్తలో నాటిన దుబ్బు అది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మేం వచ్చిన మొదటి చలికాలం దాన్ని పారతో నిలువునా చీల్చి, ఒక మొగ్గ ఉన్న ముక్క తెచ్చి మా పెరట్లో పాతారు. "మొదటి ఏడు ఒక్క కాడ కూడా లాగకూడదు" అన్నారు. మే నెలకి అది మోకాలెత్తు పెరిగింది. నాకేమో నోరూరుతోంది. ఆయన రోజూ గోడ మీంచి తొంగి చూసి కాడలు లెక్కపెట్టుకునేవారు. నిజంగా లెక్కపెట్టేవారు. ఒకసారి ఒకటి తగ్గిందని కనిపెట్టి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

1997లో జమీందారు చేతిలోంచి ఈ దీవిని ఇక్కడి జనం కొనుక్కున్నప్పుడు ఆయన అందులో ఉన్నారు. అప్పటికి ఇక్కడున్నది అరవై, డెబ్భై మంది. అంతకు ముందు చాలామందికి ఇంటి మీద గట్టి కాగితమంటూ ఉండేది కాదు. దొరకి కోపమొస్తే ఖాళీ చేయాల్సిందే, కాబట్టి కురిసే కప్పు కూడా బాగు చేయించుకునేవాళ్లు కాదు. ఊరూరా చందాలు పోగుచేశారు, పేరు చెప్పని దాత ఒకరు సింహభాగం ఇచ్చారు. ఆ జూన్ 12 గుర్తుగా ఇప్పటికీ ఏటా కేలీ జరుగుతుంది. కేలీ అంటే ఫిడేలు, అకార్డియన్, తెల్లారేదాకా గుంపు నాట్యం. పెద్దాయన నాకు అడుగులు నేర్పింది అక్కడే. నా పాదాలు ఆయన బూట్ల కింద ఎన్నిసార్లు పడ్డాయో లెక్కలేదు.

డిసెంబర్ ఆఖర్న ఆయన్ని హెలికాప్టర్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లారు. జనవరి 5న పోయారు. ఆయన్ని తిరిగి తెచ్చిన ఓడే ఆ 10వ తారీఖు ఓడ.

ఇక్కడ కాటికాపరి లేడు. గొయ్యి ఊరివాళ్లే తవ్వుకోవాలి. మా ఆయనా ఇంకో ముగ్గురూ కిల్డోనన్ శ్మశానంలో ముందురోజు పొద్దుటి నుంచి తవ్వారు. రాయి తగిలి రెండు పారలు వంగాయి. పెట్టెకి ఎనిమిది తాళ్లుంటాయి. ఎవరు ఏ తాడు పట్టుకుని దించాలో ముందే చిన్న కార్డు మీద అంకె వేసి ఇస్తారు. తల దగ్గర తాడు కూతురిది. ఆ అమ్మాయి ఓడ దిగగానే నా చేతిలో ఒక కార్డు పెట్టింది. దాని మీద 7 అని ఉంది. నాన్నే రాసి పెట్టుకున్నారు అంది.

మన దగ్గర ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు కదండీ. మా నాన్న పోయినప్పుడు నేను వీధి గుమ్మం దాటలేదు. ఇక్కడ నా చేతిలో తాడు. అది పట్టు తాడులా మెత్తగా, జారుడుగా ఉంది. గాలికి కళ్లు కనిపించడం లేదు. ఎదురుగా ఆరో తాడు పట్టుకున్న మా ఆయన పెదవులతోనే "మెల్లగా" అంటున్నారు. పెట్టె కింద ఆనాక తాడు కూడా గోతిలోకి వదిలేయాలట, ఎవరూ చెప్పలేదు నాకు. అందరూ వదిలేశాక కూడా నేను పట్టుకునే ఉన్నాను.

ఆ తర్వాత హాల్లో అందరికీ స్ట్రూపక్. టీ, దానితో తినడానికి ఏదైనా ఉంటే దాన్నలా అంటారు గేలిక్‌లో. తొమ్మిది రోజులు ఓడ లేక కొట్లో బ్రెడ్డు కూడా అయిపోయింది. నా దగ్గర బియ్యం బస్తా ఉంది, నిమ్మకాయలున్నాయి. ముందురోజు రాత్రే పులిహోర కలిపాను, ఎనభై మందికి. హాలు వెచ్చగా ఉంది. బాటరీలు నిండాక మిగిలిన కరెంటుతో హాల్లో హీటర్లు వాటంతటవే వెలుగుతాయి. ఓడని తొమ్మిది రోజులు ఆపిన గాలే అది.

ఆ రోజు ఓడ వచ్చిన అరగంటలోనే వెళ్లిపోయింది. షెడ్డులో మీ పార్సిళ్లు ఉన్నాయన్న సంగతి నాకు సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే గుర్తొచ్చింది. తర్వాత మళ్లీ గాలి లేచి, 17 దాకా ఓడ లేదు. జరిగింది రాయడానికి మొహం చెల్లక వాన మీదకి నెట్టేశాను. ఇదీ అసలు మాట. ఎవరికైనా డబ్బు వెనక్కి కావాలంటే ఒక్క ముక్క రాయండి, కారణం అడగను.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఇది ఇంకా ముఖ్యం. అక్టోబర్ 12 తేదీ ఉన్న వెల్లుల్లి రూబార్బ్, 48 సీసాలు. అవి మీ దగ్గరుంటే తినకండి, పారేయండి. ఉప్పు ఎక్కువైందని మీలో కొందరు వేసవిలో రాశారు. మా అమ్మమ్మ చెప్పిన కొలత పక్కన పెట్టి తగ్గించాను. దానికి తోడు కాడ ముక్కలు సరిగ్గా ఆరలేదు. మాకు ఎండెక్కడిది, పొయ్యి మీద తీగ కట్టి ఆరబెట్టడమే. లోపల పులిసింది. నా దగ్గర మిగిలిన సీసా మూత తీస్తే గోలీసోడాలా టప్పుమంది. రూబార్బ్ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బాక్టీరియా 4.6 పైనే పెరుగుతుంది కాబట్టి ఆ భయం తక్కువ. కానీ పిండిని పొంగించే ఈస్ట్ లాంటి వాటికి ఆ పులుపు ఒక లెక్క కాదు. 19 మందికి బదులు సీసాలు కట్టేశాను, మిగతావాళ్లు లేబుల్ ఫోటో పంపండి. ఉప్పు పాత కొలతకి వెళ్తోంది. ఎక్కువనిపిస్తే అన్నం ఇంకో ముద్ద కలుపుకోండి.

ధర ఆరున్నర పౌండ్ల నుంచి 7 పౌండ్ల 25 పెన్నీలు. పచ్చడి వల్ల కాదు, ఖాళీ సీసాల వల్ల. టపా వాళ్లకి దేశమంతా ఒకటే ధర. నేను మీకు పంపే పార్సిల్‌కి లండన్‌లో ఉన్నా ఇంతే కట్టాలి. కానీ నాకు సీసాలు తెచ్చే కొరియర్లు దీవి పిన్‌కోడ్ చూడగానే అదనంగా వడ్డిస్తారు, కొందరైతే రామనే అంటారు.

ఇంగ్లాండ్‌లోని రెడింగ్ నుంచి ఒక అన్నగారు ప్రేమగానే రాశారు: "ఇన్ని తిప్పలెందుకమ్మా, గ్లాస్గోలో ఒక వంటగది అద్దెకి తీసుకో, నెలకి వెయ్యి సీసాలు పోతాయి." పోతాయేమో అన్నయ్యా. కానీ గ్లాస్గోలో వెయ్యి సీసాలు చేసేవాళ్లు ఇంకొకరు దొరుకుతారు, ఇక్కడ ఏడో తాడు పట్టుకునేవాళ్లు తక్కువ. అందుకే పెంచడం కాదు, తగ్గిస్తున్నాను. ఇకపై నెలకి 120 సీసాలే. సంక్రాంతి ఆర్డర్లు నవంబర్ 30తో బంద్. ఉగాదికి ఏమీ ఉండదు, అప్పటికి కాడలు జానెడు కూడా రావు.

నిన్న పెద్దాయన కూతురు వెళ్లే ముందు దుబ్బు తవ్వించింది. నేల గడ్డకట్టి ఉంది, మా ఆయన పార మీద ఎక్కి తొక్కితే గానీ దిగలేదు. మూడు ముక్కలైంది, మూడింటికీ బొటనవేలంత ఎర్రటి మొగ్గ. ఒకటి బడి తోటకి, ఒకటి నాకు, ఒకటి ఆ అమ్మాయి తడి గోనె చుట్టి సంచీలో పెట్టుకుంది. నా ముక్క గోడ పక్కనే పాతాను. అది కొత్త మొక్క కింద లెక్క, కాబట్టి ఈ ఏడు దాని కాడలు మీ సీసాల్లోకి రావు.

గురువారం ఓడకి 19 పార్సిళ్లు సిద్ధంగా ఉన్నాయి. తోపుడు బండిలో పెట్టి, పైన టార్పాలిన్ కప్పి గుమ్మం ముందే ఉంచాను, మళ్లీ మర్చిపోకుండా. ఓడ రాకపోతే రాస్తాను. ఓడ వచ్చి నేను పంపకపోయినా రాస్తాను.