ఏ లాకు దగ్గర ఆగిందో చూడండి: మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారం. ఈ ఏప్రిల్‌లో మొరాయించిన, ధాన్యం అమ్మకానికి రైతుల దరఖాస్తులు తీసుకునే పోర్టల్ ఏ శాఖదో, దాన్ని కట్టిన కంపెనీ ఏదో ఇక్కడ రాయను. ఎవరి ఉద్యోగమో ఊడగొట్టాలని ఈ లేఖ మొదలుపెట్టలేదు. మాది గోదావరి సెంట్రల్ డెల్టాలో శివారు ఊరు. కాలువలో నీళ్లు అందరి తర్వాత మాకొస్తాయి, వరద ముంపు మాత్రం అందరికంటే ముందొస్తుంది. నేను పన్నెండేళ్లుగా చేస్తున్న పని సర్వర్లు చూసుకోవడం. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి ఈ ఏప్రిల్‌లో దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు ఊళ్లోనే ఉన్నాను.

ఆ రోజు మా ధాన్యం రోడ్డు మీద ఆరబోసి ఉంది. తేమ 17 శాతం దాటలేదని పొద్దున్నే చూపించుకొని వచ్చాం. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. ఇంట్లో ఉన్నవి రెండు బరకాలు, అందులో ఒకటి చిరుగుది. నాన్నగారు అరుగు మీద కూర్చొని ఫోన్‌లో వివరాలన్నీ నింపారు, ఓటీపీ కొట్టారు, చివరి బటన్ నొక్కారు. చక్రం తిరుగుతూనే ఉంది. కాసేపటికి తెల్లటి పేజీ మీద ఒక్క ముక్క కనిపించింది: 504 గేట్‌వే టైమ్ అవుట్.

"ఒరేయ్, గేటేదో ఆగిపోయిందంటున్నాడు. ఏ లాకు దగ్గరంట?" అని అడిగారు.

నాకు నవ్వొచ్చింది. ఆయనకు గేటంటే కాలువ మీద నీళ్లు ఆపి వదిలే లాకే. బరకం కప్పడానికి పరిగెడుతుంటే మాత్రం, ఆయన అడిగినదాని కంటే మంచి ప్రశ్న మా ఆఫీసులో కూడా ఎవరూ అడగరనిపించింది.

నాన్నగారు మొత్తం నాలుగుసార్లు నొక్కారు. నాలుగుసార్లూ అదే పేజీ. మర్నాడు కౌంటర్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు, "సర్వర్ డౌనండీ. మొన్నట్నుంచీ ఇంతే, ఆయ్" అన్నాడు. మూడో రోజు పోర్టల్ తెరుచుకుంది. చూస్తే ఒకే సర్వే నంబరు మీద మూడు దరఖాస్తులు! డూప్లికేట్లని మూడింటినీ ఆపేశారు. ఆ ముడి విప్పించుకోవడానికి పదకొండు రోజులు తిరిగాం. ఈలోపు రెండు వానలు పడ్డాయి. తడిసిన బస్తాల్ని బయటి వ్యాపారి అడిగిన రేటుకే ఇచ్చేశాం.

సర్వర్ డౌన్ అని ఆ కుర్రాడు చెప్పింది తప్పు. పాపం, అతనికి పైనుంచి చెప్పిన మాటే అతను మాకు చెప్పాడు. సర్వర్ నిజంగా పడిపోతే ఆ పేజీ కూడా రాదు. 504 అని వచ్చిందంటే ముందు వరసలో ఉన్న సర్వర్ బతికే ఉందని అర్థం. మనం పంపిన దరఖాస్తును అది వెనకనున్న ప్రోగ్రామ్‌కి అందించింది, గడువు దాకా ఎదురుచూసింది, జవాబు రాకపోయేసరికి ఆ సంగతి మనకు చెప్పి చేతులు దులుపుకొంది. వెనకనుంచి వచ్చిన జవాబే చెల్లనిదైతే 502 అంటుంది. ఇప్పుడు నావల్ల కాదనుకుంటే 503. ఈ మూడు అంకెలకూ మూడు వేర్వేరు మరమ్మతులు. మూడింటికీ కలిపి సర్వర్ డౌన్ అనడమంటే జ్వరమొచ్చినా కాలు విరిగినా 'ఒంట్లో బాగాలేదు' అని సెలవు చీటీ రాసినట్టు.

మా శివారు బోదె (పిల్లకాలువ) ఎండితే ఏ రైతూ ధవళేశ్వరం వెళ్లి బ్యారేజీని తిట్టడు. అక్కడి 175 గేట్లూ బాగానే ఉంటాయి. దారిలో ఏదో ఒక లాకు దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడి ఉంటుంది, లేదా పూడిక పేరుకుని ఉంటుంది, లేదంటే పైవాళ్లెవరో రాత్రికి రాత్రి తూము దగ్గర గండి కొట్టి ఉంటారు. కాలువ కాపలా చూసే లస్కర్ గట్టు పట్టుకుని నడుచుకుంటూ వెళ్తాడు. ఎక్కడిదాకా నీళ్లున్నాయి, ఎక్కణ్ణించి లేవు అని చూస్తాడు. 504 వచ్చినప్పుడు మేం చేసేదీ అంతే.

నేను మొదట చేతి గడియారం పెట్టుకొని చూశాను. బటన్ నొక్కిన క్షణం నుంచి ఆ పేజీ వచ్చేదాకా సరిగ్గా ఒక నిమిషం. మళ్లీ చూశాను, మళ్లీ నిమిషమే. ఇది యాదృచ్ఛికం కాదు. పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఇంజిన్‌ఎక్స్ అని ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ ఏమీ మార్చకపోతే వెనకనుంచి జవాబు కోసం ఆగే గడువు 60 సెకన్లు. అంటే పోర్టల్ కట్టినవాళ్లు ఆ గడువు గురించి ఆలోచించనే లేదన్నమాట, డబ్బాలో వచ్చింది వచ్చినట్టే పెట్టారు. అది అంత పెద్ద తప్పేమీ కాదు. నాకు తెలిసింది మాత్రం ఇది: ముందు గేటు సక్రమంగానే పనిచేస్తోంది, జబ్బు వెనకుంది.

రెండో ఆధారం ఇంకా ముఖ్యం. మిగతా పేజీలన్నీ చకచకా తెరుచుకుంటున్నాయి. పేరు కొడితే వస్తోంది, పొలం వివరాలు వస్తున్నాయి. చివరి బటన్ దగ్గరే ఆగుతోంది. ఆ ఒక్క నొక్కుతో ప్రోగ్రామ్ ఏమేం చేస్తుందో బయటినుంచే కొంత ఊహించవచ్చు. భూమి రికార్డు సరిచూడాలి, ఆధార్ సరిచూడాలి, బ్యాంకు ఖాతా సరిచూడాలి, ఆ తర్వాత దరఖాస్తు రాసుకోవాలి, ఎస్సెమ్మెస్ పంపాలి. వీటిలో చాలావరకు వేరే ఊళ్లలో, వేరేవాళ్ల సర్వర్లలో జరిగే పనులు. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి, రైతు చక్రం చూస్తూ కూర్చున్న ఆ నిమిషంలోనే అయిపోవాలి. వీటిలో ఏ ఒక్కటి నసిగినా మొత్తం ఆగిపోతుంది. నా అనుమానం ఇక్కడే. లోపలి లాగ్‌లు, అంటే సర్వర్ తన పనంతా రాసుకునే చిట్టాలు, చూడకుండా ఇంతకంటే గట్టిగా చెప్పడం నా వృత్తికి తగదు.

లాగ్‌లు చూడటానికి పెద్ద కమిటీ అక్కర్లేదండీ. ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో 'అప్‌స్ట్రీమ్ టైమ్‌డ్ అవుట్' అనే వాక్యం, పక్కన 110 అనే అంకె ఉంటాయి. వెనకున్న ఏ సర్వర్ దగ్గర, ఏ పేజీ కోసం ఎదురుచూసి విసిగిందో ఆ వరసలోనే రాసి ఉంటుంది. యాక్సెస్ లాగ్‌లో ప్రతి దరఖాస్తుకీ మొత్తం పట్టిన సమయం, అందులో వెనక సర్వర్ తిన్న సమయం విడివిడిగా రాసుకునే వీలుంది. ఆ రెండూ పక్కపక్కన పెడితే పూడిక ఏ వైపుందో తేలిపోతుంది. మామూలుగా ఆ రెండు లెక్కలూ రాయమని మనమే చెప్పాలి, దానంతటది రాయదు. మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే ప్రోగ్రామ్ దాన్ని అడిగే ప్రశ్నల్లో నత్తనడకవన్నీ పట్టుకునే లాగ్ ఒకటుంది, దాన్నీ మనమే ఆన్ చేయాలి. ఆన్ చేసినా 10 సెకన్లు దాటినవాటినే పట్టుకుంటుంది, ఆ హద్దును ఒక సెకనుకి దించాలి. రాష్ట్రంలోని సర్వే నంబర్లన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా వెతికే ప్రశ్న ఏదైనా ఉంటే అక్కడ దొరికిపోతుంది. పరీక్షించినప్పుడు వంద పేర్లున్న పట్టికలో అది రెప్పపాటులో అయిపోయి ఉంటుంది. కోతల రోజున లక్షల పేర్లుంటాయి. పుస్తకం చివర ఉండే సూచికలాంటి ఇండెక్స్ ఒకటి వేస్తే తీరిపోయే జబ్బు అది.

ఇక అధికారులు మీ ముందు పెట్టే గ్రాఫ్ ఒకటుంటుంది. సీపీయూ వాడకం తక్కువగానే ఉంది సార్, సర్వర్ మీద లోడ్ లేదు అంటారు. నమ్మండి, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ దానికి అర్థం వేరు. కాటా దగ్గర ఐదుగురు మనుషులున్నారనుకోండి. ఐదుగురూ గోనె సంచుల లారీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఎవరికీ చెమట పట్టలేదు. రోడ్డు మీద మాత్రం ట్రాక్టర్లు బారులు తీరాయి. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన పోర్టల్ అయితే సరిగ్గా ఇదే జరుగుతుంది. దాన్ని నడిపే ఎఫ్‌పీఎమ్ అనే సాఫ్ట్‌వేర్ నమూనా సెట్టింగ్‌లో, ఒకేసారి దరఖాస్తులు అందుకునే పనివాళ్ల (ప్రాసెస్‌ల) సంఖ్య 5 అని ఉంటుంది. అది మార్చకుండా వదిలేసిన సర్వర్లు నేను ఎన్ని చూశానో లెక్కలేదు. ఐదుగురూ బయటి సర్వర్ జవాబు కోసం ఆగితే ఆరో రైతు దరఖాస్తును ముట్టుకునేవాడే ఉండడు. సీపీయూ మాత్రం చల్లగానే ఉంటుంది.

మీకు రెండు సలహాలు తప్పకుండా వస్తాయి, రెండూ వద్దనండి. ఒకటి, గడువును 60 నుంచి 300 సెకన్లకు పెంచుదామంటారు. అప్పుడు 504 పేజీ కనిపించదు, నిజమే. రైతు ఐదు నిమిషాలు చక్రం చూస్తాడు, మధ్యలో సిగ్నల్ పోతుంది, లోపల పనివాళ్లు ఎప్పటిలాగే ఇరుక్కుని ఉంటారు. పూడిక తీయకుండా గట్టు ఎత్తు పెంచినట్టే. గడువులు తగ్గించాల్సింది లోపలి వైపున: బయటి సర్వర్‌ని అడిగేటప్పుడు ఐదారు సెకన్లకు మించి ఆగొద్దని ప్రోగ్రామ్‌కి చెప్పాలి. లోపలి గడువు ఎప్పుడూ బయటి గడువుకంటే చిన్నదిగా ఉండాలి, లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియకుండానే ముందు గేటు మూతపడుతుంది. రెండోది, పెద్ద సర్వర్ కొందామంటారు. లారీ రాకపోతే కాటాలు కొని ఏం లాభం?

ఇప్పుడు మూడు దరఖాస్తుల సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. ముందు సర్వర్ విసిగి 504 చెప్పేసినా వెనకున్న ప్రోగ్రామ్ చాలాసార్లు పని ఆపదు. దానికా కబురే అందదు. నిమిషంన్నరకో రెండు నిమిషాలకో జవాబు వస్తుంది, దరఖాస్తు రాసుకుంటుంది, చెప్పడానికి చూస్తే అవతల ఎవరూ ఉండరు. రైతుకి పోయిందని చూపించిన దరఖాస్తు లోపల భద్రంగా ఉంటుంది. ఆయన మళ్లీ నొక్కుతాడు. నొక్కక ఏం చేస్తాడు, మబ్బు కనిపిస్తుంటే? అలా మూడు పడతాయి. ఆ తర్వాత మీ సిస్టమే ఆయన్ని దొంగను చూసినట్టు చూసి డూప్లికేట్ అంటుంది. ఫారం తెరిచినప్పుడే దానికొక గుర్తు నంబరు ఇచ్చి, అదే నంబరుతో రెండోసారి వస్తే కొత్తది రాయకుండా మొదటిదాన్నే చూపించే ఏర్పాటు మా వృత్తిలో కొత్తదేమీ కాదు. డబ్బు చెల్లింపుల యాప్‌లలో అలాంటివి ఎప్పటినుంచో ఉన్నాయి. డబ్బుకున్న జాగ్రత్త ధాన్యానికెందుకు లేదో నాకర్థం కాదు.

అసలు వైద్యం మన డెల్టాలోనే ఉంది. దాళ్వాకి నీళ్లు చాలని ఏడాది అన్ని బోదెలకూ ఒకేసారి వదలరు, వంతులవారీగా ఇస్తారు. పోర్టల్‌కీ అదే చేయండి. దరఖాస్తు అందగానే రాసుకుని రెండు సెకన్లలో రసీదు నంబరు ఇచ్చేయండి. ఆధార్, బ్యాంకు, భూమి రికార్డు తనిఖీలు వెనక వరసలో ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి, అయ్యాక ఎస్సెమ్మెస్ వెళ్తుంది. తేడా ఉంటే అదీ ఎస్సెమ్మెస్‌లోనే చెప్పండి. రైతుకి కావలసింది ఆ క్షణాన జవాబు కాదు, తన వంతు నమోదైందన్న భరోసా. ఆ తెల్లటి పేజీ బదులు తెలుగులో 'మీ దరఖాస్తు అందిందో లేదో చూస్తున్నాం, దయచేసి మళ్లీ నొక్కకండి' అని ఒక్క వాక్యం పెట్టినా ఈ ఏప్రిల్‌లో మాకు కొంత టెన్షన్ తగ్గేది.

ఇంకొక్క మాట. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో పడవలు ఎప్పుడు సిద్ధం చేయాలో, పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో ఆ అంకెల్ని బట్టి ఊరంతటికీ తెలుసు. పోర్టల్‌కి అలాంటి గేజి ఉందా? దరఖాస్తుకి ఐదు సెకన్లు పడుతున్నప్పుడొకటి, ఇరవైకి చేరినప్పుడొకటి ఎవరి ఫోనైనా మోగుతుందా? లేక మా ఊరి రైతు కౌంటర్ దగ్గరకొచ్చి తిట్టడమే మీ మొదటి హెచ్చరికా?

కాలువలు కట్టేసిన ఈ రోజుల్లోనే పూడికతీత, లాకుల మరమ్మతులు జరుగుతాయి. పోర్టల్ బాగుచేయడానికీ ఇదే అదను. సార్వా (ఖరీఫ్) ధాన్యం రోడ్డెక్కేలోపు రెండు పనులు చేయించండి. ఏప్రిల్ నెల లాగ్‌లు తుడిచేయకుండా దాచమని చెప్పండి. చాలా సర్వర్లలో పాతవి కొన్ని వారాలకే వాటంతటవే చెరిగిపోతాయి. రెండోది, 504 వచ్చిన రోజుల్లో డూప్లికేట్లని ఆపిన దరఖాస్తులన్నీ ఇంకోసారి తెరిచి, నిమిషాల తేడాతో పడ్డవాటిని ఒకటిగా లెక్కగట్టమనండి. మాకు జరిగిన నష్టం ఎలాగూ తిరిగి రాదు, ఇంకా ఆ ముడిలోనే ఉన్నవాళ్లు మా చుట్టుపక్కలే కొందరున్నారు.

లాగ్‌లు చూసేవాళ్లు లేరంటే రమ్మనండి, వస్తాను. జీతం అడగను. ఎక్కడ ఆగిందో తేలితే ఒక్క ముక్క రాసి పంపించండి చాలు. ఏ లాకు దగ్గరని నాన్నగారు ఇప్పటికి మూడుసార్లు అడిగారు.

ఇట్లు,
శివారు ఆయకట్టు రైతు కొడుకు
కోనసీమ